మేవిస్ చూసిన హాంప్డెన్

మేవిస్ డాబర్ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతే థోర్బీ ఊళ్లో ఎవరూ కంగారు పడేవారు కాదు. పైన ఏదో విమానం వెళ్తోందని అర్థం. చేతిలో సంచీ కింద పెట్టి, తల కూడా ఎత్తకుండా, ఇంజన్లు రెండా నాలుగా, పాతదా కొత్తదా, ఎటు నుంచి ఎటు పోతోంది అన్నీ చెవితోనే తేల్చుకుని, అప్పుడు వదిలిన చోటు నుంచి మాట అందుకునేది. ఈలోగా ఎదుటి మనిషి వీధి చివరిదాకా వెళ్లి ఉత్తరం డబ్బాలో వేసి వచ్చినా ఆవిడ గమనించేది కాదు.

కొత్త విమానాలంటే ఆవిడకు పెద్ద గౌరవం లేదు. విసిరితే రాయి కూడా పోతుంది, అందులో గొప్పేముంది అనేది. ప్రేమంతా ప్రొపెల్లర్లు తిప్పుకుంటూ, నూనె కార్చుకుంటూ, దగ్గుతూ తుమ్ముతూ పైకి లేచే యుద్ధకాలపు విమానాల మీద. అందులోనూ హాంప్డెన్ అనే బాంబర్ మీద. దాని మీద ఎందుకంత ప్రేమ అని అడగటం థోర్బీలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు చేసే పొరపాటు. పాతవాళ్లెవరూ అడగరు. వాళ్లకు ఆ కథ కంఠతా వచ్చు.

అది 1943 జూన్. మేవిస్‌కు ఏడేళ్లు. వాళ్ల పెరటి కంచె అవతల కేబేజీ తోట, తోట అవతల బాంబర్లు లేచే మైదానం. ఆ రోజుల్లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఏ ఊరి పక్కన చూసినా అలాంటి మైదానమే కనక పిల్లలకు అక్షరాల కంటే ముందు విమానాలు వచ్చాయి. మేవిస్ నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అక్కడ అన్నీ హాంప్డెన్లే. మూతి బొద్దుగా, తోక పుల్లలా ఉండేది కాబట్టి పిల్లలు దాన్ని గరిటె అనేవారు. అందులో ఎక్కే సైనికులు ఎగిరే పెట్టె అనేవారు. లోపల వెడల్పు మూడడుగులే. నలుగురూ ఇరుక్కుని కూర్చోవాలి. ఒకడు తుమ్మితే మిగతా ముగ్గురూ మొహాలు తుడుచుకోవలసిందేనని మేవిస్ నాన్న అనేవాడు. ఆ తర్వాత నాలుగింజన్ల లాంకాస్టర్లు వచ్చాయి గానీ మేవిస్ మనసు మాత్రం గరిటె దగ్గరే ఉండిపోయింది.

ఆ జూన్‌లో మేవిస్ తల్లికి మగపిల్లాడు పుట్టాడు. లెన్ అని పేరు పెట్టారు. బాలింతకు సాయంగా నోరా పిన్ని వచ్చి, వచ్చిన గంటలోపే ఇంటి పెత్తనమంతా తీసుకుంది. నాలుగో రోజు పొద్దున మేవిస్‌కు తడిగుడ్డల బుట్ట ఇచ్చి, తమ్ముడి గుడ్డలు తీగ మీద ఆరేసి రమ్మంది. మేవిస్ సగం ఆరేసింది. అప్పుడు కేబేజీ తోట మీదుగా, ఇంటి పొగగొట్టానికి కాస్త పైనుంచి, ఒక హాంప్డెన్ వచ్చింది. అంత కిందుగా వచ్చిన విమానాన్ని ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. ముందరి గాజు మూతిలో ఒకడు కూర్చుని ఎడమచేత్తో శాండ్‌విచ్ పట్టుకుని నములుతున్నాడు. కింద గుడ్డలు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్న పిల్లను చూసి, ఆ శాండ్‌విచ్చే పైకెత్తి ఊపాడు. మేవిస్ చేతిలో ఉన్నవన్నీ వదిలేసి రెండు చేతులూ ఊపింది. విమానం వెళ్లిపోయాక చూస్తే తీగ తెగి గుడ్డలన్నీ బురదలో ఉన్నాయి.

చప్పుడుకు నోరా పిన్ని బయటికి వచ్చింది. మేవిస్ ఆయాసపడుతూ జరిగింది చెప్పింది.

"విమానం వచ్చిందా? వచ్చి మన గుడ్డలు తొక్కి పోయిందా?"

"తొక్కలేదు పిన్నీ, గాలికి పడ్డాయి. అందులో ఆయన శాండ్‌విచ్ తింటున్నాడు."

"తింటాడు. నీకూ పెడతా రా, వీపు మీద."

పెట్టింది కూడా. గుడ్డలన్నీ మళ్లీ ఉతకటం మేవిస్ వంతే అయింది. ఉతుకుతూ కూడా ఆ పిల్ల హాంప్డెనే అంటుంటే, ఇంక ఆ మాట ఎత్తితే మధ్యాహ్నం పుడ్డింగ్ ఉండదని పిన్ని తేల్చి చెప్పింది. మేవిస్ మాట ఎత్తింది. పుడ్డింగ్ పోయింది. ఒక మాట కోసం పుడ్డింగ్ వదులుకున్న మనిషి ఆ మాటను జన్మలో వెనక్కి తీసుకోదు.

యుద్ధం అయిపోయాక విమానాలన్నిటినీ మైదానం చివర వరుసగా నిలబెట్టి ముక్కలుగా కోశారు. ఆ లోహం కరిగించి గిన్నెలు పోస్తారట అని నాన్న చెప్పాడు. పదేళ్ల మేవిస్ రెండు రోజులు అన్నం మానేసి ఏడ్చింది. మూడో రోజు తల్లి, పోనీలే, ఎగిరింది చాలు, ఇప్పుడు కూర్చుని వండిపెడతాయి అని సముదాయించింది. ఆ మాట పిల్ల మనసులో ఎలా నాటుకుందో ఏమో, పెద్దయ్యాక మేవిస్ థోర్బీ బడిలో వంటమనిషిగా చేరింది. ముప్పై ఏళ్లు అక్కడే వండింది.

వంటింట్లో అల్యూమినియం గిన్నెలన్నిటికీ విమానాల పేర్లు పెట్టింది. అన్నిటికంటే పెద్దది లాంకాస్టర్, అందులో బంగాళాదుంపలు. వెలింగ్టన్‌లో గ్రేవీ. పొడుగు పిడి ఉన్న చిన్న గిన్నె హాంప్డెన్, అందులో కస్టర్డ్. ఒకసారి బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ కస్టర్డ్ బాగుంది, ఇంకొంచెం ఉందా అని అడిగితే, హాంప్డెన్ ఖాళీ అయిందండీ, కావాలంటే ఇంకోటి లేపుతాం అని జవాబు వచ్చింది. ఆవిడ తన పుస్తకంలో ఏమని రాసుకుందో ఎవరికీ తెలియదు.

సిరిల్ డాబర్ అనే అతన్ని మేవిస్ 1957లో చర్చి హాల్లో డాన్సు జరిగినప్పుడు కలిసింది. బజారు వీధిలో అతనికి సెలూన్ ఉంది. నెమ్మదైన మనిషి. అతని చేతిలో కత్తెర తప్ప ఏదీ వేగంగా కదిలేది కాదు. డాన్సు మధ్యలో పైన ఏదో విమానం వెళ్తే మేవిస్ కాళ్లు ఆగిపోయాయి. సిరిల్ కూడా ఆగి, ఏమైందని అడిగాడు. ఆన్సన్ అని చెప్పింది. ఆన్సన్ ఎవరు అన్నాడు. మిగతా సాయంత్రమంతా మేవిస్ కాగితపు రుమాళ్ల మీద రెక్కలూ తోకలూ గీసి చూపించింది. చివరికి సిరిల్ తల గోక్కుని, రెక్కలుంటే విమానం, లేకపోతే బస్సు, అంతకంటే తనకు పట్టుబడదని ఒప్పుకున్నాడు. ఇంత తెలియనివాడు మళ్లీ దొరకడనుకుందో ఏమో, మరుసటేడు అతన్నే పెళ్లి చేసుకుంది.

అప్పటినుంచి వాళ్ల కాపురమంతా పాఠమే. పైన చప్పుడైతే చాలు, సిరిల్ పైకి చూసి, "ఇదేంటి మేవీ, లాంకాస్టరా?" అనేవాడు. పొలాలకు మందు చల్లే బుల్లి విమానాన్ని చూసి కూడా ఆ మాటే. మేవిస్ ఓపిగ్గా రెండు చేతులూ రెక్కల్లా చాచి, ఒళ్లు ఒక పక్కకు వంచి, ఏది ఎలా ఉంటుందో చూపించేది. సిరిల్ బుద్ధిగా తల ఊపేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే. మంచివాడే గానీ బుర్రలోకి ఏదీ ఎక్కదని మేవిస్ స్నేహితురాళ్లతో చెప్పుకునేది.

ప్రతి జూన్‌లో తమ్ముడు లెన్ పుట్టినరోజుకు కేకు కోయగానే మేవిస్ హాంప్డెన్ కథ చెప్పేది. పుట్టినరోజు తనదయినా ఏనాడూ తన సంగతి ఎవరూ చెప్పరని లెన్ సణిగేవాడు. నువ్వు పుట్టబట్టే తేదీ అంత కచ్చితంగా గుర్తుంది, అదే నీ గొప్ప అనేది అక్క. ఇక సిరిల్ వంతు.

"పోయినేడు అందులో హ్యామ్ ఉందన్నావు. ఈ ఏడు చీజ్ వాసనొస్తోంది."

"లోపల ఏముందో నేనెప్పుడూ చెప్పలా. నువ్వే కల్పిస్తావు."

"రేషన్ రోజులు గదా, ఉత్త రొట్టేనేమో. పాపం, అందుకే నీకు చూపించాడు, ఏమన్నా పెడతావేమోనని."

అందరూ నవ్వేవారు. మేవిస్ కూడా నవ్వి, మళ్లీ గాజు మూతి దగ్గర్నుంచి మొదలుపెట్టేది.

1991లో మేవిస్ బడి వంట మానేసి ఇంట్లో కూర్చుంది. కూర్చున్న పక్షం రోజులకే ఒక వార్త విన్నది. పాత మైదానం అంచున, బంగాళాదుంపలు నిలవ చేసే ఖాళీ షెడ్డులో, కొందరు కలిసి పాత హాంప్డెన్ ఒకటి తిరిగి కట్టబోతున్నారట. ఎక్కడో ఉత్తరాన చెరువు అడుగున దొరికిందట. మేవిస్ సైకిలెక్కి వెళ్లి చూసింది. విమానం అంటే విమానం కాదు, తుప్పూ పాచీ పట్టిన ముక్కలు నాలుగు బల్లల మీద పరిచి ఉన్నాయి. చుట్టూ ఆరుగురు మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకు పెద్ద రాడ్నీ బ్రాకెన్‌బరీ. పొలాల సర్వే శాఖలో చేసి రిటైరయినవాడు. ఏ దళం ఏ మైదానంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో అన్నీ ఆయన దగ్గర ఫైళ్లలో ఉండేవి.

ఆయన మర్యాదగానే ఆహ్వానించి, టీ పెట్టటానికి ఒక మనిషి అవసరం ఉందన్నాడు. మేవిస్ టీ పెట్టింది. పెట్టి ఇచ్చాక సంచీలోంచి పాత పళ్ల బ్రష్షు తీసి, బల్ల మీదున్న ఒక ముక్కను తోమటం మొదలుపెట్టింది. సాయంత్రానికి ఆ ముక్క మీద పచ్చరంగు బయటపడింది. మర్నాటి నుంచి టీ ఎవరిది వాళ్లే పెట్టుకున్నారు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఊరివాళ్లందరినీ షెడ్డుకు పిలిచారు. కేకులు, టీ, బల్లల మీద ముక్కలు, గోడల నిండా ఫొటోలు. యుద్ధకాలం గుర్తున్నవాళ్లు మైకు దగ్గరికి వచ్చి రెండు మాటలు చెప్పాలని బ్రాకెన్‌బరీ కోరాడు. మేవిస్‌ను రెండోసారి అడగనక్కర లేకపోయింది. తమ్ముడి గుడ్డలతో మొదలుపెట్టి, గాజు మూతి మీదుగా, నోరా పిన్ని దాకా చెప్పింది. ఊరివాళ్లు ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వారు. సిరిల్ వెనక వరసలో కాఫీ కేకు తింటూ కూర్చున్నాడు.

చప్పట్లు అయ్యాక బ్రాకెన్‌బరీ గొంతు సవరించుకున్నాడు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. తప్పు తేదీ వింటే ఆయనకు అన్నం సయించదు, అంతే.

"చాలా బాగా చెప్పారు మేవిస్ గారూ. ఒక్క చిన్న మాట. బాంబర్ దళంలో హాంప్డెన్లు 42 సెప్టెంబరుతో ఆఖరు. ఆ తర్వాత మన చుట్టుపక్కల ఒక్కటి లేదు. 43 జూన్‌లో మీరు చూసింది హాంప్డెన్ అయ్యే వీలు లేదండీ. వెలింగ్టన్ అయి ఉంటుంది. మీరప్పుడు చిన్నపిల్ల గదా."

ఊరివాళ్లంతా మేవిస్ వైపు తిరిగారు. మేవిస్ మైకు పట్టుకునే నిలబడింది. మెడ మీద నుంచి ఎరుపు పైకి పాకింది. పుడ్డింగ్ పోయిన నాడు కూడా ఇంత బాధ లేదు. అప్పుడు కాదన్నది నోరా పిన్ని, ఆవిడకు విమానాల గురించి ఏం తెలుసు. ఇప్పుడు కాదంటున్నది తేదీలు.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. సిరిల్ లేచి నిలబడి, చొక్కా మీద కేకు పొడి దులుపుకున్నాడు.

"బాంబర్ దళంలో లేవు, ఆ మాట నిజమేనండీ. కానీ సముద్రం కాపలా దళానికి ఇచ్చారు గదా. టార్పెడోలు కట్టి నార్వే వైపు ఓడల మీదికి పంపలా? పొట్ట తలుపులు సరిగ్గా మూసుకునేవి కావు, అయినా 43 చివరిదాకా ఎగిరాయి. వాటిల్లో ఒకటి స్కాట్లండ్ నుంచి రిపేరుకి దక్షిణానికి పోవాలంటే ఎటు నుంచి పోతుంది, మన నెత్తి మీద నుంచి కాక?"

బ్రాకెన్‌బరీ నోరు తెరిచాడు. సిరిల్ ఇంకా కూర్చోలేదు.

"ఇంకోటండీ. వెలింగ్టన్‌ది ఒంటి తోక. హాంప్డెన్‌ది జంట తోక. ఏడేళ్ల పిల్లకి ఒకటికీ రెంటికీ తేడా తెలీదా?"

చెప్పి కూర్చుని, మిగిలిన కేకు ముక్క అందుకున్నాడు. ఊరివాళ్లు ముందు అతని వైపు, తర్వాత మేవిస్ వైపు చూశారు. వాళ్లలో సగం మంది మగవాళ్లు అతని దగ్గరే జుట్టు కత్తిరించుకుంటారు. ఆన్సన్ ఎవరని అడిగిన మనిషి అతనే. మేవిస్ మైకు కింద పెట్టేసి భర్త వైపే చూస్తూ నిలబడింది. ఎవరో పక్కింటావిడ మొగుడిలా కనిపిస్తున్నాడు.

ఇంటికి వెళ్తూ కార్లో మైలు దూరం వచ్చారు. అప్పుడు మేవిస్ అడిగింది.

"జంట తోకని నీకెట్లా తెలుసు?"

"నువ్వే చెప్పావుగా."

"టార్పెడోల సంగతి నేను చెప్పలా. నాకే తెలీదు."

సిరిల్ కొంచెం నసిగి, ఒక్కొక్కటే బయటపెట్టాడు. యుద్ధంలో ఆ మైదానంలో ఇంజన్లు బాగుచేసిన స్టాన్ లెగెట్ అనే ఆయన అరవై నాలుగులో ఒకసారి జుట్టు కత్తిరించుకుంటూ, హాంప్డెన్లు 42లోనే వెళ్లిపోయాయని మాటవరసకు అన్నాడు. ఆ మాట వినగానే సిరిల్ చేతిలో కత్తెర ఆగింది. ఇంటికి వచ్చి మేవిస్‌కు చెప్పబోయి మానేశాడు. బదులుగా ఊరికి లైబ్రరీ పుస్తకాల బండి వచ్చినప్పుడల్లా ఒక విమానాల పుస్తకం తీసుకుని, సెలూన్లో తువాళ్ల కింద దాచి, గిరాకీ లేనప్పుడు చదివాడు. మేవిస్ చూసింది నిజమయ్యే దారి ఒక్కటన్నా దొరుకుతుందేమోనని వెతికాడు. టార్పెడోల సంగతి దొరకటానికి ఆరేళ్లు పట్టింది. ఆలోగా మిగతావన్నీ వచ్చేశాయి.

"అంటే ఇరవై ఏడేళ్లుగా నీకు తెలుసా? మరి రోజూ ఇదేంటి మేవీ, అదేంటి మేవీ అని నన్నెందుకు అడుగుతావు?"

సిరిల్ రోడ్డు వైపే చూస్తూ నడిపాడు.

"నాకు తెలుసంటే నువ్వు చెప్పటం మానేస్తావు. చెప్పేటప్పుడు చేతులు రెండూ ఇట్లా పెట్టి వంగుతావు చూడు. ఆ ముచ్చట పోగొట్టుకోనా?"

మేవిస్ కారు ఆపమంది. ఆపాడు. దిగి, తలుపు గట్టిగా వేసి, చక్కెర దుంపల చేను పక్కనే గట్టు మీద కొంతదూరం నడిచి వెళ్లింది. సిరిల్ ఇంజన్ ఆపి కూర్చున్నాడు. అయిదు నిమిషాలకు ఆవిడ తిరిగి వచ్చి, తలుపు తీసి, కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుంది.

"పెళ్లయిన కాడి నుంచీ నా జుట్టు నువ్వే కత్తిరిస్తున్నావు గదా."

"ఆఁ."

"ఒక్కసారన్నా బాగా కత్తిరించలా. నేనెప్పుడూ అనలా. ఇప్పుడంటున్నా. చెల్లుకు చెల్లు."

సిరిల్ తిరిగి ఆవిడ జుట్టు వైపు చూశాడు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. వెనకొచ్చిన ట్రాక్టరు వాడు రెండుసార్లు హారన్ కొట్టి, లాభం లేక పక్కనుంచి వెళ్లిపోయాడు.

బ్రాకెన్‌బరీ న్యాయమైన మనిషి. మర్నాడే దస్తావేజులు ఉండే ఆఫీసులకు ఉత్తరాలు రాశాడు. ఎనిమిది నెలలకు జవాబులు వచ్చాయి. ఆ నెలలో అలాంటి విమానం ఒకటి దక్షిణానికి వచ్చి ఉండవచ్చు, ఏ దారిన వచ్చిందో రాసి లేదు అన్నదే వాటి సారాంశం. వచ్చి ఉండవచ్చు అనేది ఆయనకు పెద్ద మాట. షెడ్డు గోడ మీద తేదీల పట్టికలో చిన్న అక్షరాలతో, 1943 జూన్, ఒక హాంప్డెన్ కనిపించినట్టు శ్రీమతి డాబర్ చెప్పారు, నిర్ధారణ కాలేదు అని రాయించాడు. ఆ చివరి రెండు మాటలూ అక్కర్లేదని మేవిస్ వాదించింది. అవి లేకపోతే మొత్తం పట్టికే అబద్ధమవుతుందని ఆయన వాదించాడు. ఆ వాదన టీ తాగే వేళల్లో ఏళ్ల తరబడి సాగింది.

సిరిల్ సెలూన్ అమ్మేసి తనూ షెడ్డుకు రావటం మొదలుపెట్టాడు. నెమ్మదితనమే అక్కడ పనికొచ్చింది. గింజంత మరలు సైతం వంచకుండా ఊడదీసేవాడు. అయితే మేవిస్‌కు ఒక కష్టం వచ్చిపడింది. ఇదివరకు పైన చప్పుడైతే తను చెప్పిందే మాట. ఇప్పుడు తను నోరు తెరిచే లోపు భర్త చెప్పేస్తున్నాడు. పైగా అప్పుడప్పుడు సరిగ్గా చెప్పేవాడు. అలాంటి రోజుల్లో సాయంత్రం కూరలో ఉప్పు తక్కువ పడేది.

1997 వసంతకాలానికి విమానం ముందు భాగం తయారయింది. రెక్కలు రావటానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు. మొదట లోపల ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న రానే లేదు. ఆరేళ్లలో మేవిస్ అరిగించిన పళ్ల బ్రష్షులన్నీ బ్రాకెన్‌బరీ ఒక డబ్బాలో దాచి ఉంచాడు. నిచ్చెన వేశారు. అరవై దాటిన మేవిస్ ఒళ్లు కాస్త చేసి ఉంది. నడుం దగ్గర ఒక నిమిషం ఇరుక్కుంది. పక్కకు తిరిగి ఎక్కమని సిరిల్ కింద నుంచి సలహా ఇచ్చాడు. అక్కడ పక్కకు తిరగటానికి పక్క అనేది లేదని పైనుంచి జవాబు వచ్చింది. చివరికి ఎలాగో పైలట్ సీట్లోకి జారింది.

 సిరిల్ నిచ్చెన ఎక్కి లోపలికి తొంగి చూశాడు. మేవిస్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ముందరి అద్దంలోంచి తెరిచి ఉన్న షెడ్డు తలుపు వైపు చూస్తోంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎట్లా ఉంది?"

"ఇరుగ్గా ఉంది. నూనె కంపు. కాళ్లు అందట్లా."

"దిగుతావా?"

"దిగను."

సిరిల్ నిచ్చెన మీదే మోచేతులు ఆనించి నిలబడ్డాడు. కొంతసేపటికి మేవిస్ ఎదురుగా ఉన్న గుండ్రటి గడియారాల మీద ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి పేర్లు చెప్పసాగింది. ఎత్తు చూపేది. వేగం చూపేది. ఎడమ చివర ఒకదాని దగ్గరికి వచ్చి, ఇది పెట్రోలుది అంది. కాదు, గాలి ఒత్తిడిది అన్నాడు సిరిల్. పెట్రోలుదే అంది మేవిస్. ఎవరూ తగ్గలేదు. పాత పైలట్ల పుస్తకం పట్టుకుని రమ్మని ఇద్దరూ కలిసి బ్రాకెన్‌బరీని కేకేశారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పేజీలు తిప్పి, బొమ్మ మీద వేలుతో గుర్తుపట్టి, అది ఇంజన్ నూనె వేడి చూపేదని చదివాడు.

ఆ పుస్తకంలో అచ్చుతప్పు పడి ఉంటుందని మేవిస్ అంది. ఆ రోజుల్లో అచ్చుపని ఏమంత బాగుండేది కాదని సిరిల్ కూడా ఒప్పుకున్నాడు.